రెండు బ్లేడుల సందు

పుట్టాసింగి జీపు దిగి
గడ్డి కోసే మెషిన్ని నా బల్ల మీద దించి
సులమి సబర రెండే ముక్కలు చెప్పింది:
"సల్లగుంటే ఆడతాది.
ఏడెక్కితే సచ్చిపోతాది."
రోగం ఇంత తేటగా
గుణుపురంలో ఏ డాక్టరు చీటీలోనూ చూడలేదు నేను.

తాడు పట్టి ఇంజన్ని పైకెత్తాను.
మంచిదైతే గాలి బిగబట్టుకుని
తాడుకి అలా వేలాడుతూ ఉండిపోవాలి.
ఇది జారింది,
నూతిలోకి చేద జారినట్టు.

సిలిండరు ఊడదీస్తే
పిస్టను ఒంటినిండా నిలువు గీతలు.
ఎవరో ఆయిలు కలపకుండా ఉత్త పెట్రోలు పోశారు.
ఎవరని అడిగాను.
ఆమె రోడ్డు మీద పోతున్న ఐసు బండిని చూసింది.
పదకొండు మంది ఆడాళ్ల సంఘం, ఒక్క మెషిను.
జీడిపూత పిందెవుతోంది.
గింజ రాలేలోపు చెట్ల కింద గడ్డి పోవాలి.
మళ్లీ అడగలేదు.

రింగు తీశాను.
అరిగి అరిగి, వెండి మట్టెలా తళతళలాడుతోంది.
అరిగినదానికి మెరుపెక్కువ.
ముప్పై ఏళ్లుగా చూస్తూ కూడా
ఒక్కో పూట మోసపోతాను.

నూట పది రకం వద్దంది.
మూడొందల ఎనభైది, పిస్టనూ రింగూ కలిపి,
రసీదుతో సహా.
పర్లాకిమిడి నుంచి మధ్యాన్నం బస్సులో వచ్చింది,
కండక్టరు జేబులో.

నా గురువు లోకనాథ్ మిస్త్రీ
తెలుగులో తిట్టేవాడు, ఒడియాలో నేర్పేవాడు.
రింగుని సిలిండర్లో కూర్చోబెట్టి
రెండు కొసల మధ్య గడ్డం బ్లేడు దూర్చమనేవాడు.
రెండు బ్లేడులు బిగుతుగా పడితే సరి.
నాలుగు పడితే పారెయ్.
ఒక్కటీ పట్టకపోతే ఇంకా భయపడు.
ఏడికి ఇనుము సాగుతుంది,
సాగే చోటు లేకపోతే
కొస కొసని పొడుచుకుని రెండూ చస్తాయి.
అటువాళ్లకి ఒడిషావాణ్ణని,
ఇటువాళ్లకి తెలుగువాణ్ణని చెప్పుకుంటూ
నాలిక రెండు కొసలా అరగదీసుకున్న నాకు
ఆయన ఆ మాట రింగు గురించే అన్నాడని
ఇప్పటికీ నమ్మకం లేదు.

అడుగు గాస్కెట్టు దొరకలేదు.
పోయినేటి ఒడియా కేలెండరు అట్ట మీద
సిలిండరు బోర్లించి, పెన్సిలుతో గీసి, కత్తిరించాను.
కార్తీక పున్నమి సగం పోయింది.
రెండు ఏకాదశులు కింద పడ్డాయి.
గుండ్రటి అక్షరాలు, గుండ్రటి కోత.
నూనె రాసేసరికి
ఏ భాషవో నాకే ఆనవాలు చిక్కలేదు.

సర్‌క్లిప్పు పెడుతుంటే పటుక్కున ఎగిరింది.
నేనూ, సులమీ, టీకొట్టు గుంటడూ
మోకాళ్ల మీద అరగంట దేవులాడాం.
పాత స్పీకరు అయస్కాంతానికి తాడు కట్టి
ఇసకలో ఈడిస్తే
రెండు మేకులు, ఒక పావలా బిళ్ల,
ఆఖర్న అది.
ఆమె నవ్వింది.
ముందు పళ్ల మధ్య చిన్న సందు.

బిగించాక తాడు ఆమె చేతికే ఇచ్చాను.
ఎత్తింది.
ఇంజను వేలాడింది, ఊపిరి పట్టి.

డబ్బు రెండుసార్లు లెక్కపెట్టి ఇచ్చి
"పాతది" అని చెయ్యి చాపింది.
ఏటి సేసుకుంటావన్నాను.
"సంగంలో సూపాల.
అందరూ పట్టుకు సూడాల, డబ్బులేటయ్యాయో."
పాత రింగూ రసీదూ కొంగున ముడేసింది.
లీటరుకి నలభై మిల్లీ ఆయిలని నేను చెబుతుంటే
ట్యాంకు మీద మేకుతో తానే గీకింది,
అంకెలు మాత్రం.

రెండోనాడు పొద్దున ఫోను.
హలో లేదు, పేరు లేదు.
ఒకటే మోత.
కొండ మీద ఏ చెట్టు కిందో
ఫోన్ని ఇంజను దగ్గర పెట్టి పట్టుకుంది.
కళ్లు మూసుకుని విన్నాను.
గొంతు కాస్త బరువుగా ఉంది,
పెట్రోలు ఎక్కువ తాగుతోంది.
పావు చుట్టు కుడికి, అన్నాను.
ఏ భాషలో అన్నానో గుర్తులేదు.
మోత పలచబడింది, పైకి లేచింది,
తర్వాత
గడ్డిలోకి దిగిన చప్పుడు.